పొరుగు పునాది పక్కన తవ్వకం: నేల, నీరు, చట్టం

ఒక భవనం ఎక్కడితో ముగుస్తుందన్న ప్రశ్నకు ఆస్తి దస్తావేజు చెప్పే జవాబు ఒకటి, నేల చెప్పే జవాబు మరొకటి. దస్తావేజులో హద్దు గోడ దగ్గర ఆగిపోయే ఇల్లు భూమి లోపల మాత్రం తన బరువును కిందికీ పక్కలకూ పంచుతూ, హద్దు దాటి పొరుగు స్థలంలోని మట్టి మీద కూడా కొంత ఆధారపడి నిలుస్తుంది. అందువల్ల హద్దు వెంబడి గుంత తీయడం, తవ్వేవారి లెక్కలో సొంత స్థలంలో చేసుకునే పనే అయినా, వాస్తవంలో పక్కింటి ఆధారంలో ఒక భాగాన్ని తొలగించడమే అవుతుంది. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో పాత ఇళ్లను పడగొట్టి సెల్లార్లతో అపార్ట్‌మెంట్లు లేపే పద్ధతి సర్వసాధారణమైన ఈ రోజుల్లో, ఈ తొలగింపు ఎంతవరకు క్షేమం, ఎక్కడి నుంచి ప్రమాదం, దాన్ని ఆపే మార్గాలేవి, నష్టం జరిగితే బాధ్యత ఎవరిది అన్న విషయాలను ఒకచోట చేర్చి పరిశీలించడం అవసరం.

పునాది కింద మట్టి ఎందుకు నిలుస్తుందో తెలిస్తేనే అది ఎందుకు జారుతుందో బోధపడుతుంది. పునాది కిందికి నొక్కినప్పుడు దాని అడుగున ఉన్న మట్టి ఒక ముద్దగా బిగుసుకుని, పక్కల ఉన్న మట్టిని బయటికీ పైకీ నెట్టజూస్తుంది. ఆ తోపుడును అణచి ఉంచేది పునాది అడుగు మట్టానికి పైన, ఇరువైపులా పరుచుకుని ఉన్న మట్టి బరువు. దీనినే ఇంజనీర్లు సర్‌చార్జ్, అంటే పైభారం అంటారు. నేల యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడిగా పేరొందిన కార్ల్ టెర్జాగీ 1943లో వెలువరించిన గ్రంథంలో చూపినట్లు, నేల మోయగల గరిష్ఠ భారం మూడు వనరుల నుంచి వస్తుంది: మట్టి రేణువుల మధ్య ఉండే బంకతనం, పునాదికి పక్కల ఉన్న పైభారం, పునాది కింది మట్టి సొంత బరువు వల్ల పుట్టే ఘర్షణ.

ఈ మూడింటిలో రెండోది పోతే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. బంకతనం లేని ఇసుక నేలలో, 1.2 మీటర్ల లోతున, 1.2 మీటర్ల వెడల్పుతో గోడ పొడవునా సాగిన పునాది ఉందనీ, ఘనపు మీటరు మట్టి బరువు 1.8 టన్నులనీ, మట్టి ఘర్షణ కోణం 30 డిగ్రీలనీ అనుకుందాం. నేడు వాడుకలో ఉన్న గుణకాల ప్రకారం పైభారం వల్ల చదరపు మీటరుకు దాదాపు 40 టన్నులు, మట్టి సొంత బరువు వల్ల దాదాపు 24 టన్నులు, మొత్తం 64 టన్నుల గరిష్ఠ సామర్థ్యం వస్తుంది. దాన్ని మూడుతో భాగించి, చదరపు మీటరుకు 21 టన్నులు మోపేలా ఇల్లు కట్టారనుకుంటే, ఆ ఇంటికి మూడింతల భద్రత ఉన్నట్లు. ఇప్పుడు పక్క స్థలంవారు ఆ పునాదిని ఆనుకుని సరిగ్గా దాని అడుగు మట్టం దాకా తవ్వితే, ఆ వైపు పైభారం మాయమై మిగిలేది 24 టన్నులు, మోస్తున్నది 21. మూడింతలుగా ఉన్న భద్రత ఒకటికి అటూఇటుగా వచ్చి నిలిచింది. పునాది కింద ఒక్క పార మట్టి కూడా తీయకుండానే జరిగిన నష్టం ఇది. పునాది అడుగు కనిపించేదాకా తవ్వుకోవచ్చు, దాని కిందికి పోకపోతే చాలు అని మేస్త్రీలలో బలంగా ఉన్న నమ్మకం ఇసుక నేలల్లో ఎంత ప్రమాదకరమో ఈ లెక్క చెబుతుంది. బంకమట్టిలో పైభారం వాటా స్వల్పం కాబట్టి ఈ నష్టం అంతగా కనిపించదు. అక్కడ ప్రమాదం గుంత పునాదికంటే కిందికి దిగినప్పుడు, అదీ కొన్నాళ్లు గడిచాక వస్తుంది.

గుంత పునాది మట్టానికి దిగువకు పోయినప్పుడు ఎంత దూరం వదలాలన్న దానికి భారతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 1904 (1986) ఒక కొలత ఇస్తుంది. గులక, ఇసుక నేలల్లో వేర్వేరు లోతుల్లో ఉన్న రెండు పక్క పునాదుల దగ్గరి అడుగు అంచులను కలుపుతూ గీసిన గీత, రెండు పాళ్లు అడ్డంగా సాగితే ఒక పాలు కిందికి దిగే వాలుకంటే నిటారుగా ఉండరాదు. పాత ఇంటి పునాది 1.5 మీటర్ల లోతున, కొత్త సెల్లార్ పునాది 5 మీటర్ల లోతున ఉంటే తేడా 3.5 మీటర్లు, వదలవలసిన దూరం 7 మీటర్లు. ముప్పై అడుగుల, అంటే తొమ్మిది మీటర్ల వెడల్పున్న స్థలంలో ఒకవైపే ఏడు మీటర్లు వదిలితే కట్టడానికి మిగిలేది రెండు మీటర్లు. అందువల్ల ఇరుకు స్థలాల విషయంలో ఈ నియమం చెప్పే అసలు సంగతి ఒకటే: దన్ను లేకుండా అక్కడ సెల్లార్ తవ్వడానికి వీల్లేదు. సైట్లలో చాలామంది పాటించే 45 డిగ్రీల గీత ఇంతకంటే ఉదారమైనది. అది మట్టి జారే తలాన్ని ఉజ్జాయింపుగా చూపుతుందే తప్ప, ఆ గీత అవతల ఉన్న భవనం కదలదని హామీ ఇవ్వదు.

కూలడం వేరు, కదలడం వేరు. గోడలాగా నిలిచిన దన్ను ఎంత గట్టిదైనా గుంతవైపు కొంత వంగుతుంది, ఆ మేరకు వెనక నేల కుంగుతుంది. 1969లో మెక్సికో నగరంలో జరిగిన అంతర్జాతీయ సదస్సుకు సమర్పించిన నివేదికలో రాల్ఫ్ పెక్ అనే ఇంజనీరు, అప్పటికి వివిధ నగరాల్లో కొలిచిన వివరాలను క్రోడీకరించి, ఇసుకలోనూ గట్టి బంకమట్టిలోనూ ఈ కుంగు తవ్వకం లోతులో ఒక శాతం దాకా ఉండవచ్చనీ, లోతుకు రెండింతల దూరం వరకు వ్యాపించవచ్చనీ చూపారు. 1990లో క్లఫ్, ఓరూర్క్ అనే ఇద్దరు పరిశోధకులు మరిన్ని కొలతలతో గట్టి నేలల్లో సగటు కుంగు 0.15 శాతం ప్రాంతంలో ఉంటుందని తేల్చారు. తొమ్మిది మీటర్ల సెల్లార్‌కు మొదటి లెక్కన 90 మిల్లీమీటర్లు, రెండో లెక్కన 14 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెల మధ్య అంతరంలో నేల స్వభావానికి కొంత వాటా ఉన్నా, దన్ను ఎంత దిట్టంగా ఉంది, ఎంత త్వరగా బిగించారు, పనితనం ఎలాంటిది అన్నవాటికి పెద్ద వాటా ఉంది.

తవ్విన గోడ నిటారుగా నిలబడి ఉండటం చూసి ధైర్యపడటం ఈ రంగంలో ప్రాణాలు తీసే పొరపాటు. తడి ఆరీ ఆరని ఇసుకలో రేణువుల మధ్య ఉండే సన్నని నీటిపొర వాటిని తాత్కాలికంగా పట్టి ఉంచుతుంది. ఎండకు అది ఆరినా, వానకు మట్టి పూర్తిగా తడిసినా ఆ పట్టు పోతుంది. బంకమట్టిలో, చదరపు మీటరుకు 2.5 టన్నుల బంకతనం ఉంటే ఐదున్నర మీటర్ల నిటారు గోడ నిలవగలదని సిద్ధాంతం చెబుతుంది. కానీ పై అంచు వెంబడి నెర్రెలు విచ్చితే ఆ ఎత్తు 3.7 మీటర్లకు పడిపోతుంది, నెర్రెల్లోకి నీరు దిగితే ఇంకా తగ్గుతుంది, అంచున ఒక ఇల్లు ఉంటే ఈ లెక్కే చెల్లదు. పైగా తవ్వకం వల్ల ఒత్తిడి తగ్గిన బంకమట్టి క్రమంగా చుట్టుపక్కల నీటిని పీల్చుకుని మెత్తబడుతుంది కాబట్టి, మొదటి రోజున ఉన్న బలం పదిహేనో రోజున ఉండదు. డబ్బు సర్దుబాటు కాకో, అనుమతి ఆగిపోయో నెలల తరబడి తెరిచి వదిలేసిన గుంతలు ప్రమాదకరం కావడానికి కారణం ఇదే. హైదరాబాదు మహానగర పాలక సంస్థ వానాకాలానికి ముందు కొత్త సెల్లార్ తవ్వకాలను నిలిపివేస్తూ ఆదేశాలు ఇస్తూ వస్తున్నది కూడా ఈ కారణంగానే.

నీటి సంగతి విడిగా చెప్పుకోవాలి. గుంతలో ఊరే నీటిని మోటార్లతో తోడినప్పుడు చుట్టుపక్కల భూగర్భ జలమట్టం కూడా దిగుతుంది. అది ఒక మీటరు దిగిన ప్రతిసారీ కింది మట్టి రేణువుల మీద చదరపు మీటరుకు దాదాపు ఒక టన్ను అదనపు భారం పడుతుంది, ఎందుకంటే అంతవరకు మట్టిని కొంత తేల్చి ఉంచిన నీరు ఇక లేదు. మెత్తని బంకమట్టి ఉన్నచోట ఈ భారం వల్ల గుంతకు దూరంగా ఉన్న ఇళ్లు కూడా కుంగవచ్చు. అంతకంటే తీవ్రమైనది, తోడే నీటితోపాటు సన్నని ఇసుక, ఒండ్రు కొట్టుకురావడం. మోటారు పైపు నుంచి వచ్చే నీరు బురదగా ఉందంటే పక్కింటి కింద ఖాళీ ఏర్పడుతున్నదని అర్థం, వెంటనే తోడకం ఆపి, వడపోత ఉన్న బోర్ల ద్వారా తోడే ఏర్పాటు చేయాలి. ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించి తప్పించిన ఉదంతం ఇంగ్లండులోని వించెస్టర్ కెథడ్రల్‌ది. బురదనేల మీద కట్టిన ఆ ప్రాచీన దేవాలయం కుంగిపోతున్నప్పుడు పునాదుల కింద గుంతలు తీస్తే నీరు నిండిపోయింది. తోడితే మట్టి కొట్టుకుపోయి గోడలు కూలే పరిస్థితి. అప్పుడు విలియం వాకర్ అనే గజ ఈతగాడు, డైవరు దుస్తుల్లో, కన్ను కానరాని మురికి నీటిలో మునిగి, 1906 నుంచి 1911 వరకు చేత్తో తడుముకుంటూ కాంక్రీటు బస్తాలను పేర్చి అడుగును మూశాడు. ఆ విధంగా మూసిన తర్వాతే నీటిని తోడి, తాపీవారు పైన పునాది కట్టారు. ఆ పనిలో 25,800 బస్తాల కాంక్రీటు వాడారు. నీటిని తోడకపోవడమే సరైన నిర్ణయమైన సందర్భాలుంటాయని ఆ కెథడ్రల్ నేటికీ నిలిచి రుజువు చేస్తున్నది.

తెలుగు ప్రాంతాల నేలలు ఒక్క తీరుగా లేవు. తెలంగాణలో ఎక్కువ భాగం నల్లసేనపు రాయి శిథిలమై ఏర్పడిన మొరం. అది తవ్వినప్పుడు గట్టిగా నిలుస్తుంది, కానీ మాతృశిలలోని పాత పగుళ్ల తలాలు దానిలో అలాగే మిగిలి ఉంటాయి, అవి గుంతవైపు వాలి ఉంటే పెద్ద పెళ్లలుగా ఒక్కసారే జారిపడతాయి. మొరంలో మధ్యమధ్య ఉండే గుండ్లను బ్రేకరుతో పగలగొట్టేటప్పుడు పుట్టే అదురు, మట్టి గారతో కట్టిన పాత గోడలను వదులు చేస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఒండ్రు మెత్తన, నీరు పైనే. నల్లరేగడి నేలల్లో ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బే గుణం మూడున్నర మీటర్ల లోతు దాకా ఉంటుందని గుర్తించే, రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్ (భూమిలోకి దింపే పునాది స్తంభం) పద్ధతిని అభివృద్ధి చేసి ప్రచారంలోకి తెచ్చింది. అటువంటి నేలలో గుంత తెరిచి ఎండాకాలం వదిలేస్తే, మట్టి జారకపోయినా, పక్కింటి పునాది కింది తేమ తవ్విన ముఖం గుండా ఆరిపోయి ఆ వైపు గోడ కుంగుతుంది. పక్కింటివారు తవ్వకాన్ని కారణంగా ఊహించను కూడా లేరు.

పక్క భవనాలు పడిపోయిన సంఘటనలను పరిశీలిస్తే కారణాలు పదే పదే కలుస్తాయి. హైదరాబాదు గచ్చిబౌలి ప్రాంతంలోని సిద్దిఖ్‌నగర్‌లో 2024 నవంబరులో, కొద్ది గజాల స్థలంలో కట్టిన నాలుగంతస్తుల పైబడిన భవనం, పక్క స్థలంలో పునాది గుంతలు తీసిన దరిమిలా రాత్రివేళ ఒక పక్కకు ఒరిగింది. అందులోనివారు పరుగున బయటపడ్డారు, అధికారులు ఆ భవనాన్ని కూల్చివేయవలసి వచ్చింది. షాంఘైలో 2009 జూన్ 27న, నిర్మాణం ముగింపుకొచ్చిన పదమూడంతస్తుల భవనం చెక్కు చెదరకుండా పక్కకు పడుకుంది: ఒకవైపు భూగర్భ గ్యారేజీ కోసం 4.6 మీటర్ల గుంత తీసి, ఆ మట్టిని రెండోవైపు పది మీటర్ల ఎత్తున పోయడంతో, నేల ఎత్తునుంచి పల్లానికి జరిగి పైల్స్‌ను విరిచేసింది. ఒక కార్మికుడు మరణించాడు. అదే ఏడాది మార్చి 3న జర్మనీలోని కొలోన్‌లో భూగర్భ రైలు పనుల కోసం గుంత చుట్టూ దన్నుగా భూమిలో కట్టిన కాంక్రీటు (డయాఫ్రమ్) గోడలోని లోపం గుండా నీరు, ఇసుక గుంతలోకి దూసుకురావడంతో నగర చారిత్రక పత్రాగారం కుప్పకూలి, పక్క ఇళ్లలోని ఇద్దరు చనిపోయారు. మూడూ మూడు స్థాయిల పనులు. చిన్న ఇంటి పునాది గుంత నుంచి నిపుణుల పర్యవేక్షణలో సాగిన మెట్రో దాకా. పోగొట్టుకున్నది మాత్రం మూడు చోట్లా ఒకటే, భవనాన్ని పక్కల నుంచి పట్టి ఉంచిన మట్టి.

క్షేమమైన తవ్వకం గడ్డపార పట్టకముందే మొదలవుతుంది. పక్కింటి పునాది ఏ లోతున ఉంది, ఏ రకానిది అన్నది తెలియకుండా వేసే ప్రణాళిక ఏదీ ప్రణాళిక కాదు. హద్దు వెంబడి ఒకటి రెండు చోట్ల, మనిషి దిగి చూడగలిగినంత చిన్న గుంతను యంత్రం లేకుండా చేత్తో తీసి పునాది అడుగును చూడటం, చూసిన వెంటనే దాన్ని పూడ్చి గట్టిగా దిమ్మిసా వేయడం చవకైన పని. దాన్ని ఎగ్గొట్టడానికి సాకు ఏదీ లేదు. అలాగే పక్కింటి గోడల మీద అప్పటికే ఉన్న బీటలను ఇరుపక్షాల సమక్షంలో తేదీలతో ఫొటోలు తీసి ఉంచితే, తర్వాత తగవు వచ్చినప్పుడు ఇద్దరికీ రక్షణ.

పాత పునాది కొత్త గుంత అడుగు కంటే పైన ఉన్నప్పుడు, దాన్ని కిందికి పొడిగించే పనిని అండర్‌పిన్నింగ్ అంటారు. గోడ పొడవునా సాగిన రాతి పునాది అయితే, దాన్ని ఒక్కో మీటరు, మీటరుంపావు వెడల్పున్న భాగాలుగా గుర్తించి, ఒకదానికొకటి దూరంగా ఉన్న భాగాలకింద మాత్రమే ఒకేసారి తవ్వుతారు. ఏ క్షణంలోనూ గోడ పొడవులో నాలుగో వంతుకు మించి ఆధారం లేకుండా ఉండనివ్వరు. తవ్విన భాగంలో కాంక్రీటు పోసి, పాత పునాది అడుగుకు రెండు మూడు అంగుళాల సందు వదిలి, కాంక్రీటు గట్టిపడి కుంచించుకోవడం అయిపోయాక ఆ సందులో కొద్ది తడి మాత్రమే ఉన్న సిమెంటు ఇసుక మిశ్రమాన్ని సుత్తితో దట్టంగా కూరుతారు. బరువు పాతదాని నుంచి కొత్తదానికి దిగేది ఈ కూర్పు ద్వారానే; పైదాకా ఒకేసారి కాంక్రీటు పోసేస్తే అది ఆరి కుంచించుకున్నాక పాత పునాది గాలిలో మిగులుతుంది. ఆ భాగం పూర్తయి బలం పుంజుకున్నాకే పక్క భాగం తెరవాలి. ఓపికతో చేయవలసిన ఈ పనిని జేసీబీతో ఒక్క పూటలో హద్దు పొడవునా కోసేసి, తర్వాత గోడ కట్టుకుందామనుకోవడం వల్లనే చిన్న స్థలాల్లో ఎక్కువ ప్రమాదాలు జరుగుతున్నాయి.

అయితే నేటి ఇళ్లలో చాలావరకు పిల్లర్ల మీద, విడివిడి ఫుటింగుల మీద నిలిచేవి. ఒక్క ఫుటింగు కింద భాగాలుగా తవ్వడానికి వీలుండదు, ఎందుకంటే అది మోసే పిల్లర్ బరువు పంచుకోవడానికి పక్కన గోడ లేదు. పాఠ్యపుస్తకాల్లోని భాగాల పద్ధతిని ఇక్కడ గుడ్డిగా వాడటం తప్పు. ముందుగా పిల్లర్ భారాన్ని తాత్కాలిక దన్నులమీదికి మళ్లించడమో, లేదా ఇటలీలో ఫెర్నాండో లిజ్జి 1952లో ప్రవేశపెట్టిన సన్నని పైల్స్‌ను పాత ఫుటింగు గుండా రంధ్రాలు వేసి గట్టి నేల దాకా దింపడమో చేయాలి. ఈ మైక్రోపైల్స్‌కు పెద్ద యంత్రాలు, పెద్ద అదురు అవసరం లేదు కనుక ఇరుకు వీధుల్లోనూ వీలవుతాయి. ఖర్చు మాత్రం తక్కువ కాదు. లోతైన సెల్లార్లకు తవ్వకానికి ముందే హద్దు వెంబడి వరుసగా పైల్స్ దింపి, కిందికి దిగేకొద్దీ అడ్డదూలాలతో బిగిస్తూ పోవడం మేలైన మార్గం; భూగర్భ జలం ఉన్నచోట పైల్స్ మధ్య సందు లేకుండా ఒకదానిలోకి ఒకటి చొచ్చుకునేలా వేస్తారు. మట్టిలోకి ఇనుప కడ్డీలు దిగ్గొట్టి సిమెంటు పిచికారీ చేసే సాయిల్ నెయిలింగ్ మొరం నేలల్లో చక్కగా పనిచేస్తుంది, కానీ ఆ కడ్డీలు పొరుగువారి స్థలం కిందికి పోతాయి కాబట్టి వారి సమ్మతి తప్పనిసరి.

పని సాగుతున్నంతకాలం పక్కింటిని కొలుస్తూ ఉండాలి. 1956లో స్కెంప్టన్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు తాము పరిశీలించిన భవనాల ఆధారంగా, రెండు పిల్లర్ల మధ్య కుంగు తేడా వాటి దూరంలో 300వ వంతుకు చేరితే గోడలు పగులుతాయనీ, 150వ వంతుకు చేరితే కట్టడానికే దెబ్బ తగులుతుందనీ గుర్తించారు. ఆరు మీటర్ల ఎడంలో ఉన్న పిల్లర్ల మధ్య మొదటి హద్దు 20 మిల్లీమీటర్లు మాత్రమే. బీట మీద అడ్డంగా అంటించిన సన్నని గాజు పలక పగిలిందంటే కదలిక సాగుతూనే ఉందని గుర్తు. బీట అయిదు మిల్లీమీటర్లు దాటేలోపే పని ఆపి గుంతలో మట్టి తిరిగి పోయడం మంచిది. ఆపత్సమయంలో అన్నిటికంటే త్వరగా దొరికే దన్ను తవ్వి తీసిన ఆ మట్టే.

గుంతలో దిగే కూలీల క్షేమం ఈ ప్రశ్నలో విడదీయరాని భాగం. ఒకటిన్నర మీటరుకు మించిన లోతులో దన్ను గానీ వాలు గానీ లేకుండా మనిషిని దింపరాదని ఐఎస్ 3764, అయిదడుగుల హద్దుతో అమెరికా నిబంధనలు దాదాపు ఒకే మాట చెబుతున్నాయి. తవ్విన మట్టిని అంచుకు కనీసం రెండడుగుల దూరంలో పోయాలని అమెరికా నిబంధన. లోతు పెరిగేకొద్దీ ఆ దూరం పెంచడం వివేకం. ఘనపు మీటరు మట్టి ఒక పెద్ద కారంత బరువు ఉంటుంది. ఛాతీలోతు కూరుకుపోయిన మనిషి కూడా ఊపిరి అందక చనిపోవచ్చు.

చట్టం విషయానికొస్తే, 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం ఏడో సెక్షను ప్రకారం ప్రతి భూయజమానికీ తన నేల సహజ స్థితిలో పొరుగు నేల ఆసరా పొందే హక్కు ఉంది. ఆ హక్కు ఖాళీ నేలకు వర్తిస్తుంది. దానిమీది కట్టడపు బరువుకు ఆసరా పొందే హక్కు పదిహేనో సెక్షను కింద ఇరవై ఏళ్లపాటు నిరాటంకంగా అనుభవించినప్పుడే సంక్రమిస్తుంది. కొత్త ఇంటి యజమానికి ఈ హక్కు లేకపోయినా, అజాగ్రత్తగా తవ్వి నష్టం కలిగించినవారు పరిహారం బాధ్యత నుంచి తప్పించుకోలేరు. ఇంగ్లండు 1996లో చేసిన పార్టీ వాల్ చట్టం మరో అడుగు ముందుకు వేసి, పొరుగు కట్టడానికి మూడు మీటర్లలోపు దాని పునాదికంటే లోతుగా తవ్వదలచినవారు నెల రోజుల ముందే రాతపూర్వకంగా తెలియజేయాలని నిర్దేశించింది. మన చట్టం గోడ పగిలాక దావా వేసే దారి చూపుతుంది. ఆ చట్టం గోడ పగలకముందు మాట్లాడుకునే దారి చూపుతుంది. తెలుగు రాష్ట్రాలకు కావలసింది రెండోది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలపు భవన నిబంధనలు సెల్లార్ తవ్వకానికి హద్దు నుంచి దూరం నిర్దేశించి, సెల్లార్ల సంఖ్యతో పాటు ఆ దూరాన్ని పెంచాయి. పెద్ద భవనాలకు ఇంజనీరు, అనుమతి, తనిఖీ ఉంటాయి. చిన్న స్థలాల పరిస్థితి వేరు. 2020 నాటి తెలంగాణ చట్టం 75 గజాలలోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాకా కట్టుకునేవారికి అనుమతి అవసరం తీసేసి, ఒక రూపాయితో నమోదు చేసుకుంటే చాలునంది. పేదవారిని కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ నుంచి తప్పించిన మంచి నిర్ణయం అది. కానీ గోడకు గోడ ఆనుకుని, పునాది పక్కనే పునాది పడేది సరిగ్గా ఆ స్థలాల్లోనే. అందువల్ల అనుమతి భారం తిరిగి మోపకుండానే, నమోదు పత్రంలో పక్కింటి పునాది లోతు, తవ్వబోయే లోతు, రెండింటి మధ్య దూరం అన్న మూడు వివరాలు రాయించి, జేసీబీ దిగే ముందు వార్డు ఇంజనీరు ఒకసారి ఉచితంగా వచ్చి చూసి వెళ్లే ఏర్పాటును పురపాలక శాఖలు చేయాలి.